నాటకాల పెద్దమ్మ కొట్టిన దెబ్బలు

నా చిన్నప్పుడు మా గదిలో ఎవరు ఏడ్చినా బయటికి వినిపించేది కాదు. సూరత్‌లో, ఖటోదరాలో, సాంచాల షెడ్ల వెనక వరసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి మాది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఒక్కో షెడ్డులో డజన్ల కొద్దీ సాంచాలు పగలూ రాత్రీ ఆడుతుండేవి. ఆ చప్పుడులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టాలి. మా నాయిన మా అమ్మను కొట్టినా, నన్ను కొట్టినా పక్క గదికి తెలిసేది కాదు. తెలిసినా ఎవరూ వచ్చేవారు కాదు. పక్క గదిలోనూ అదే జరుగుతుండేది.

మా నాయిన తాగుబోతు కాదు. పన్నెండు గంటల పాళీ చేసి, కళ్ళు ఎర్రబడి, చెవుల్లో ఇంకా సాంచాలు మోగుతుండగా ఇంటికి వచ్చేవాడు. అన్నంలో ఉప్పు తక్కువైనా, తమ్ముడు ఏడ్చినా, నేను నీళ్ళబిందె ఒలకబోసినా ఆయన చెయ్యి మేకు వైపు పోయేది. ఆ మేకుకు సాంచా మీద అరిగిపోయిన తోలుపట్టా ఒకటి వేలాడుతుండేది. అది తగిలిన చోట మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, మర్నాటికి నీలంగా అయ్యేది. తొమ్మిదేళ్ళ వయసుకే నేను ఆ రంగుల్ని బట్టి ఎన్ని రోజులైందో చెప్పగలిగేదాన్ని.

మా వరసలో చివరి గది నాటకాల పెద్దమ్మది. ఆమెకు అసలు పేరు ఉండే ఉంటుంది, మా పిల్లలకు మాత్రం ఆమె నాటకాల పెద్దమ్మే. షెడ్డు గోడ నీడన కూర్చుని రోజంతా కండెలు చుట్టేది. మగ్గం నాడెలో పెట్టే దారపు కండెలవి. చుడుతూ పద్యం ఎత్తుకుంటే అన్ని సాంచాల చప్పుడు మీదుగా ఆ గొంతు తేలి వచ్చేది. మాట్లాడినా అంతే గట్టిగా మాట్లాడేది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఆ గట్టిగా మాట్లాడటం మాత్రం స్టేజీ అలవాటు అనుకునేవాళ్ళం.

ఆమె పుట్టిందే నాటకాల డేరాలోనట. తల్లి రెండో అంకంలో పాడి లోపలికి వచ్చి ఈమెను కని, వారం తిరక్కుండా మళ్ళీ ముఖానికి రంగు వేసుకుందట. అది ఎంతవరకు నిజమోగాని, చెప్పేటప్పుడు పెద్దమ్మ నవ్వేది కాదు. మూడు నెలల పసిగుడ్డుగా యువరాజు వేషంలో తల్లి చేతుల మీద వేదికెక్కింది. ఎనిమిదేళ్ళకు ఆమె పాడితే డేరా చివర నేల మీద కూర్చున్నవాళ్ళకు మాట మాటా వినపడేదట. పదహారేళ్ళకు అన్నీ రాణి వేషాలే. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ అంటూ తెరలూ పెట్టెలూ ఎడ్లబండ్ల మీద వేసుకుని తిరిగారు. ఒక్కో ఊళ్ళో నెలా నెలన్నర ఆడేవారు. ముందు వరసలోంచి 'వన్స్‌మోర్' అంటే అదే పద్యం మూడుసార్లు పాడిన రోజులున్నాయట. తర్వాత ఊరూరా సినిమా హాళ్ళు లేచాయి. అంతఃపురం తెరను పెళ్ళి పందిళ్ళు వేసేవాడు కొనుక్కుపోయాడు. అడవి తెర వానకు చివికిపోయింది. చివరికి ఒక రేకుపెట్టె, ఒక హార్మోనియం మిగిలితే, బతుకుదెరువుకు సూరత్ బయలుదేరిన నేతవాళ్ళతో కలిసి ఆమె కూడా రైలెక్కింది.

అయినా ఏడాదికి ఒక్క నాటకం వేయించేది. కరెంటు లేక సాంచాలు ఆగే సెలవు రోజు చూసుకుని, షెడ్ల మధ్య ఖాళీ జాగాలో, పట్టపగలు వేసేవారు. పెట్టెల మీద ఎత్తుగా బల్లచెక్కలు పరిచి వేదిక కట్టేవారు. నూలు బస్తాల గోనెలు కుట్టి తెర కట్టేవారు. నూలు చుట్టిన బీములెత్తే చేతులతో మగవాళ్ళు కత్తులు పట్టేవారు. రాణి మాత్రం ఎప్పుడూ పెద్దమ్మే. ఆ ఏడు నాటకం కూడా ఆమె కట్టిందే. భర్తను చంపిన సేనాధిపతితో ఒక రాణి పోరాడి, ఆ పోరులో తానూ ప్రాణం విడిచే కథ.

ఆ ఎండాకాలం మా వైపు ఒక పుకారు పుట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని, గోనెసంచిలో వేసుకుపోయి దూరాన అమ్మేస్తున్నారని. ఎవరి పిల్లలు పోయారో ఎవరికీ తెలియదు. అయినా అందరూ చెప్పుకునేవారు. మా షెడ్ల దగ్గర గుడ్డ పీలికలు ఏరుకునే మనిషి ఒకాయన ఉండేవాడు. బక్కగా, భుజాన గోనెసంచితో వచ్చేవాడు. ఏ దేశపువాడో, ఆయన మాట మాకెవరికీ తెలిసేది కాదు. ఆయనకు హిందీ కూడా నాలుగు ముక్కలే వచ్చు. అన్నం తినమని మారాం చేస్తే అమ్మలు ఆయన్ని చూపించి బెదిరించేవారు. మాకు ఆయన 'సంచోడు'.

నాటకం రోజు మధ్యాహ్నం అమ్మ రెండున్నరేళ్ళ తమ్ముణ్ణి నా చంకకు ఎత్తించి, ఆడవాళ్ళతో కలిసి జనానికి చాపలు పరచడానికి వెళ్ళింది. జర పైలం, కిందికి దించకు అంది. నేను వాణ్ణి తీసుకుని వేదిక వెనక్కి పోయాను. గోనెతెరకు ఒక చిరుగుంది. దానికి కన్ను ఆనిస్తే పెద్దమ్మ రాణిగా మారడం కనిపిస్తోంది. రోజూ చూసే ముడతల ముఖం మీద రంగు పూసుకుంటూ, కనుబొమలు దిద్దుకుంటూ, కిరీటం పెట్టుకుంటూ ఆమె ఎవరో వేరే మనిషి అయిపోతోంది. తమ్ముడు బరువనిపించి కిందికి దించాను. ఎంతసేపు చూశానో తెలియదు. తిరిగి చూస్తే వాడు లేడు.

షెడ్ల చుట్టూ తిరిగాను. నీళ్ళ తొట్టి వెనక, బీముల చాటున, మరుగుదొడ్ల దగ్గర వెతికాను. వాడు ఏమైపోయాడోనన్న భయం కంటే పట్టా భయమే నాకు పెద్దగా ఉండింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళకు కూడా సిగ్గేస్తోంది. అమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకు పేక పత్తాలాడుతున్న మగవాళ్ళు లేచి వచ్చారు. మా నాయిన గదిలోకి పోయి తిరిగొచ్చాడు. చేతిలో పట్టా ఉంది.

"పోరడేడి?" అన్నాడు.

ఆయన పట్టాను చేతికి చుట్టుకోవడం చూశాను. పొద్దున నీళ్ళ నల్లా దగ్గర కనిపించిన మనిషి గుర్తొచ్చాడు.

"సంచోడు ఇటే ఉండె," అన్నాను.

అది అబద్ధం కాదు. పొద్దున ఉన్నాడు మరి. కాని పక్కనే ఉన్న షెడ్డు మేస్త్రి వంగి నా భుజాలు పట్టుకుని, "వాడు ఎత్కపోయిండా? నువ్వు చూసినవా?" అని అడిగాడు. అందరి కళ్ళూ నా మీదున్నాయి. మా నాయిన పట్టా నేలకు వేలాడుతోంది. నేను తల ఊపాను.

అంతే నేను చేసింది. ఒక్కసారి తల ఊపడం.

ఆ మనిషి రెండో షెడ్డు వెనక నీడన కూర్చుని పీలికలను రంగుల ప్రకారం వేరు చేసుకుంటున్నాడు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. సంచి గుమ్మరించారు. పచ్చవీ ఎర్రవీ గుడ్డముక్కలు నేలంతా పరుచుకున్నాయి. పిల్లవాడు లేడు. లేకపోయేసరికి వాళ్ళ కోపం తగ్గాల్సింది, అది పెరిగింది. "అమ్మేసిండు" అని ఎవరో అన్నారు. మొదటి దెబ్బ మా నాయినది. పట్టా ఆ మనిషి ముఖం మీద అడ్డంగా పడింది. నన్ను కొట్టినప్పుడు అది చేసే చప్పుడు నాకు తెలుసు. ఇంకొకళ్ళ మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను.

తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. సాంచాకు బిగించే కర్రలు తెచ్చారు. మేస్త్రి ఇనుప రాడ్డు పట్టుకొచ్చాడు. ఆ మనిషి తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే కర్ర ఆ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిచినట్టు వినిపించింది. ఒక తన్నుకు నోట్లోంచి పన్ను ఊడి గుడ్డముక్కల మీద పడింది. దవడ ఒక పక్కకు జరిగింది. ఆయన ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. పిల్లవాణ్ణి ఎక్కడ దాచాడో చెబుతున్నాడనుకుని ఇంకా కొట్టారు. ఆయన భాషలో ఆ మాటకు నీళ్ళు అని అర్థమని తర్వాత తెలిసింది. చాయ్ అమ్ముకునే ముసలి కాకా ఒకాయన, ఛోడో భాయ్, మర్ జాయేగా, వదలండి చస్తాడు అంటూ నడుమకు వస్తే ఆయన్ని నెట్టేశారు. మరుగుతున్న చాయ్ గిన్నె కాకా కాలి మీదే ఒలికింది. ఆయన కుంటుకుంటూ పోలీసు చౌకీ వైపు పరుగెత్తాడు.

కొడుతున్నవాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే. ఒకాయన నాకు పతంగుల దారం ఇచ్చినవాడు. ఒకాయన మా అమ్మకు జ్వరం వస్తే రిక్షా తెచ్చినవాడు. వాళ్ళ ముఖాలు మాత్రం ఎవరివో అయిపోయాయి. నేను చెప్పింది అబద్ధమని అరవాలనుకున్నాను. అరవలేదు.

అప్పుడు తెర పక్కకు తొలగింది. రాణి వేషంలో, కిరీటంతో, ఎర్రచీరతో పెద్దమ్మ నడిచి వచ్చింది. ఆమె ఆపండని వేడుకోలేదు. వేదిక మీది గొంతుతో "జరగుండ్రి" అంది. ఆ గొంతుకు దారి ఇవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాదు. మనుషులు పక్కకు జరిగారు. ఆమె మేస్త్రి ముందు చెయ్యి చాపింది.

"ఆ పోరడు నాకూ మనుమడే. మీరు గొడితె ఎప్పుడు సావాలె వీడు? నాకియ్యి," అంది.

మేస్త్రి రాడ్డు ఇచ్చాడు. ఆమె ఆ మనిషి మీద కాళ్ళు రెండు పక్కలా వేసి నిలబడింది, జుట్టు పట్టి తల పైకెత్తింది, ఆ ముఖం మీదికి వంగి పళ్ళు కొరుకుతూ ఏదో తిట్టింది. రాడ్డు పైకి లేచింది. దిగింది. రాతికి ఇనుము తగిలిన చప్పుడు నా పళ్ళలో మోగింది. మళ్ళీ లేచింది, దిగింది. మూడో దెబ్బకు నెత్తురు చిమ్మింది. ఆమె చేతుల మీద, చీర మీద, ఆయన ముఖమంతా ఎర్రగా నిండింది. ఆ మనిషి ఒక్కసారి ఎగిరిపడి, తర్వాత సంచిలా వాలిపోయాడు. కాళ్ళు కదల్లేదు.

పెద్దమ్మ రాడ్డు కింద పడేసింది. ఎర్రటి రెండు చేతులూ ఎత్తి, చుట్టూ ఉన్న ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ఈసారి చాలా మెల్లగా మాట్లాడింది.

"సచ్చిండు. ఎవ్వలెవ్వలు గొట్టిండ్రో అందరు గీన్నే ఉండుండ్రి. పోలీసులొస్తరు. ఒక్కలు గూడ పోవద్దు."

ఎవరో కర్ర కింద పడేసిన చప్పుడైంది. ఒకరు వెనక్కి అడుగు వేశారు. ఇంకొకరు తల దించుకుని గోడ పక్కగా నడిచారు. నేను ఇరవై లెక్కపెట్టేలోపు అక్కడ మగవాడన్నవాడు లేడు. మా నాయిన కూడా లేడు. తలుపులు మూసుకున్న చప్పుళ్ళు వరసగా వినిపించాయి. ఆ తర్వాత మా బస్తీలో నేనెన్నడూ ఎరగని నిశ్శబ్దం వచ్చింది.

ఆ నిశ్శబ్దానికి మా తమ్ముడు లేచాడు. సాంచాల మధ్య పుట్టిన పిల్లలు చప్పుడులో నిద్రపోతారు, చప్పుడు ఆగితే లేస్తారు. వేదిక చెక్కల కింద, మిగిలిన గోనెల మీద పడుకున్న వాడు కళ్ళు నలుపుకుంటూ బయటికి పాకి వచ్చి, అమ్మా అని ఏడ్చాడు. మా అమ్మ వాణ్ణి ఎత్తుకుంది. కింద పడి ఉన్న మనిషిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

పెద్దమ్మ తోపుడుబండి లాక్కొచ్చి ఆ మనిషిని దాని మీదికి చేరుస్తుండగా కాకా పోలీసుల్ని వెంటబెట్టుకు వచ్చాడు. వాళ్ళకు కనిపించింది నెత్తుటి చీరలో ఒక ఆడమనిషి, పక్కన రాడ్డు. మూసిన తలుపుల వెనకనుంచి, కిటికీల్లోంచి ఒకటే మాట వచ్చింది. ఆమెనే కొట్టింది. అందరం చూసినం. ఆ మనిషికి ఊపిరి ఉందని ఆసుపత్రికి తీసుకుపోయారు. పెద్దమ్మను జీపెక్కించారు. తెల్లారేసరికి మగవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. కాకా చూసింది మొదటి కొంచెమే, ఆయన మాట ఎవరు వింటారు, అందరం రాణి వేషమామె పేరే చెప్పాలె అని. మా నాయిన ఆ మాట అమ్మతో చెబుతుంటే చాప మీద పడుకుని విన్నాను.

పొద్దున ఎవరూ లేవకముందే ఆ చోటికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. నేల మీద రెండు మరకలున్నాయి. ఒకటి గోధుమరంగులోకి తిరిగి ఎండిపోయింది, దాని మీద ఈగలు ముసిరాయి. రెండోది ఇంకా ఎర్రగా, జిగటగా ఉంది. దాని చుట్టూ నల్లచీమలు బారులు తీరి ఉన్నాయి. పక్కన రాయి మీద ఇనుము దెబ్బకు తెల్లగా పడిన మూడు గాట్లున్నాయి. నేను కూర్చుని వేలితో ఆ ఎరుపును తాకాను. నాలుక మీద పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది.

నాటకానికి ముందు రోజే పెద్దమ్మ పొయ్యి మీద బెల్లం పాకం పట్టి, అందులో కుంకుమ కలపడం నేను చూశాను. గిన్నె నాకింది కూడా నేనే. నాటకం చివర రాణి కత్తిపోటు తిన్నప్పుడు పగలగొట్టుకోవడానికి దాన్ని పలచటి రబ్బరు బుడగలో నింపి నడుముకు కట్టుకుంది. ఆమె రాడ్డు దెబ్బలు మూడూ రాతి మీద పడ్డాయి. ఆమె తిట్టింది తిట్టు కాదు. మిగతా అందరూ కొట్టినవి మాత్రం నిజం దెబ్బలు.

అమ్మ దగ్గరికి పోయి, వేలు చూపించి, బెల్లం సంగతి చెప్పాను. తర్వాత తల ఊపిన సంగతీ చెప్పాను. అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి నావైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను.

"ఇంకెవ్వలకన్న జెప్పినవా?" అంది.

"లేదు."

"నడువ్," అంది లేచి.

సూరత్ వచ్చిన అన్నేళ్ళలో మా అమ్మ ఒక్కతే పెద్దరోడ్డు దాటడం అదే మొదలు. తమ్ముణ్ణి చంకలో వేసుకుని, నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని నడిచింది. పోలీసు స్టేషన్‌లో పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. ముఖం మీద రంగు చెదిరిపోయి, కిరీటం లేక, ఎంతో ముసలిదానిలా ఉంది. నేను ఏడుస్తూ, సగం తెలుగులో సగం హిందీలో చెప్పాను. ఎవరెవరు కొట్టారంటే పేర్లు చెప్పాను. మా నాయిన పేరు చెప్పేటప్పుడు అమ్మ ముఖం చూశాను. అమ్మ తల ఊపింది. ఒక గుజరాతీ హవల్దారు పెద్దమ్మ చీర కొంగు పట్టుకుని వాసన చూశాడు, గోటితో గీరి నాలుకకు అంటించుకున్నాడు. "గోళ్ ఛే, సాహెబ్," అన్నాడు. బెల్లమేనండీ అని.

ఆ సాయంత్రానికి పెద్దమ్మను వదిలారు. మా నాయిననూ మేస్త్రినీ ఇంకో నలుగుర్నీ తీసుకుపోయారు. వారం తర్వాత మాట్లాడగలిగాక ఆ మనిషి కూడా సైగలతో, నాలుగు హిందీ ముక్కలతో అదే చెప్పాడట. ఆమె చెవిలో మర్ జా, ఐసే హీ మర్ జా అందని. చచ్చినట్టు పడిపొమ్మని.

మా నాయిన కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. జైలు ఆయన్ని మంచివాణ్ణి చేసిందని చెబితే అబద్ధమవుతుంది. వచ్చిన రోజే, సొంత తండ్రి పేరు చెప్పినందుకు మేకు వైపు చెయ్యి చాపాడు. అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. "పోరి నిజం జెప్పింది. గొట్టాలంటె ముందు నన్ను గొట్టు, నేను తీస్కపోయిన," అంది. ఆయన చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కొట్టాడు. కాని కొట్టబోయే ముందు అమ్మ ముఖం వైపు చూడటం అలవాటైంది. క్రమంగా ఆ చూపు దగ్గరే ఆగిపోవడం నేర్చుకున్నాడు.

ఆసుపత్రికి పెద్దమ్మ నన్ను తీసుకుపోయింది. రానంటే వినలేదు. ఆ మనిషి మంచం మీద, దవడకు కట్టుతో, చేతికి పిండికట్టుతో ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. పెద్దమ్మ దాన్ని హిందీలో మెల్లగా, రెండుసార్లు చెప్పింది. ఆయన తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. పిల్లనని జాలిపడతాడని, తల నిమురుతాడని అనుకున్నాను. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మేము పదిసార్లు వెళ్ళి ఉంటాం, పెద్దమ్మ వండిన గంజి తాగేవాడుగాని నావైపు తిరగలేదు. బాగయ్యాక ఎటో వెళ్ళిపోయాడు. కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదని విన్నాను.

ఒక ఆదివారం పెద్దమ్మ నన్ను డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయింది. నల్లటి ఇసుక మీద కూర్చుని వేడి భజియాలు తింటుంటే, ఆయన నన్నెందుకు మాఫ్ చేయలేదని అడిగాను. ఆమె కుడిచెవి నావైపు తిప్పి విని, "మాఫీ ఇచ్చుడు ఇయ్యకపోవుడు ఆయన ఇష్టం బిడ్డా. అడుగుడు నీ పని. నువ్వు అడిగినవ్," అంది.

అంతకుముందు ఎన్నడూ చెప్పనిది ఆ రోజు చెప్పింది. ఆమె భర్త రాజు వేషం కట్టేవాడట. ఒక నాటకంలో రాజు రాణి చెంప మీద కొట్టాలి. రోజూ కొట్టినట్టు చేసేవాడు, ఈమె పడినట్టు చేసేది. ఒక ఊళ్ళో ముందు వరసలోనివాళ్ళు ఈమె పాటను మెచ్చుకుని ఆయన్ని పట్టించుకోలేదు. ఆ ఆటలో ఆయన నిజంగానే కొట్టాడు. ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది.

"డేరా నిండ జనం. సప్పట్లు గొట్టిండ్రు. ఎంత మంచిగ జేసిండ్రని వన్స్‌మోర్ అన్నరు. మల్ల గొట్టిండు. అంతమందిల ఒక్కలన్న లేస్తరేమోనని చూసిన. ఎవ్వలు లేవలే," అంది. "గందుకే ఆనాడు తెర సందుల కెల్లి చూస్తె నాకు సమజైంది. బతిమాలితె గుంపు ఇనదు. దానికి చూసుడు గావాలె. చూపిచ్చిన."

ఆ తర్వాత మా షెడ్ల దగ్గర ఆమె నాటకం వేయలేదు. ఎవరూ అడగలేదు, ఆమె ముఖం చూడలేక. చాలా ఏళ్ళకు, సూరత్ పక్కన హజీరా కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్ల కుటుంబాలవాళ్ళు ఆమె సంగతి విని, పండగ కార్యక్రమానికి పిలిచారు. పెద్ద హాలు, మైకులు, రంగుల దీపాలు. ఆమె మైకు వద్దంది. అరవై దాటిన గొంతుతో రాణిగా పాడితే చివరి వరస దాకా వినిపించింది. భార్యను కొట్టే సన్నివేశం మాత్రం పెట్టనివ్వలేదు. అదే ఆమె ఆఖరి వేషం. మరుసటేడు చలికాలంలో పోయింది. చితి దగ్గర పద్యం పాడేవాళ్ళు మాలో ఎవరూ లేకపోయారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. సూరత్‌లోనే, పర్వత్ పాటియాలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మోకాళ్ళు సరిగా వంగవు. మొన్నామధ్య మా బిల్డింగులో ఒక ఫోను పోయింది. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆమె అప్పుడే మెట్లు దిగుతోంది. ఎవరో ఆమె వైపు వేలు చూపించారు. నిమిషంలో పదిహేను మంది పోగయ్యారు. ఆమె మూట విప్పి పారేశారు. ఒకాయన ఆమె జుట్టు పట్టుకున్నాడు, నలుగురైదుగురు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. నా కోడలు, మనకెందుకత్తమ్మా, లోపలికి రా అంది.

ఆ ఫోను ఆమె తీసిందో లేదో నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. పెద్దమ్మకున్న గొంతు నాకు లేదు, వేషం లేదు, గుంపును మాయ చేసే విద్య అసలే లేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగాను. జుట్టు పట్టుకున్నాయనను, నువ్వు కండ్లతోటి చూసినవా బిడ్డా అని అడిగాను. అతను వేరే ఒకళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఇంకొకళ్ళ వైపు చూశారు. నేను ఆ మెట్టు మీద, ఆమె పక్కన, ఆమె భుజానికి నా భుజం తగిలేలా కూర్చున్నాను. కొట్టాలంటే ఇద్దర్నీ కొట్టాలి. పోలీసులు వచ్చేదాకా లేవలేదు.